లప్పం పట్టిన చెయ్యి

తట్టలో ఆరు తెల్లని ముక్కలు ఒలిచిన కోడిగుడ్లలా నున్నగా ఉన్నాయి.

వాటిని చూడగానే ఫర్నేస్ చూసుకునే సిద్దయ్య యజమానిని కేకేశాడు.

నున్నగా ఉండకూడదవి. ఒళ్లంతా రంధ్రాలుండాలి.

ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న ఆ చిన్న షెడ్డులో తయారయ్యేది ఎముక విరిగిపోయినచోట, తరిగిపోయినచోట పెట్టే పింగాణీ. బొటనవేలంత స్పాంజిని తెల్లని చిక్కటి ద్రావణంలో ముంచి, పిండి, ఆరబెడతారు. ఫర్నేస్‌లో స్పాంజి కాలిపోతుంది. దాని రంధ్రాలు మాత్రం పింగాణీలో మిగిలిపోతాయి.

ఈ ముక్కల కోసం నగరంలో ఒక తొమ్మిదేళ్ల పాప ఎదురుచూస్తోంది. కాలి ఎముకలో గడ్డ. వచ్చే బుధవారం ఆపరేషన్.

ఇవాళ గురువారం.

"ఎవరు జేసిన్రు ఇది?" యజమాని దయాకర్ గొంతు షెడ్డంతా మోగింది.

"నేనే సారూ." ఈదమ్మ ముందుకొచ్చింది. ఆమె ముఖంలో మెప్పు కోసం చూసే నవ్వు. "నిన్న పోయేటప్పుడు చూస్తే అన్నీ తూట్లే. పొద్దుగాల చేసినోళ్లు సక్కగ జెయ్యలేదనుకున్న. ఒక్కటి ఇడ్వకుండ పూడ్చిన."

ఆమె పనిలో చేరి వారమే అయింది. అంతకుముందు ఇరవై ఏళ్లు ఆదిభట్ల అపార్ట్‌మెంట్లలో గోడల గుంటలు పూడ్చి లప్పం పట్టింది.

దయాకర్ తల పట్టుకున్నాడు. "తూట్లే గావాలె అక్కా! రేపటి సంది నువ్వు రాకు."

నవ్వు ఆరిపోయింది. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, అక్కడ తుడవడానికేమీ లేకపోయినా.

"జర ఆగు దయాకర్. నాకొక్క గంట ఇయ్యి," అన్నాడు సిద్దయ్య.

సాసర్‌లో ఎర్రసిరా కలిపిన నీళ్లు పోశాడు. పోయిన నెల కాల్చినవి రెండు ముక్కలు తెచ్చి అందులో నిలబెట్టాడు. ఒకటి రంధ్రాలన్నీ తెరిచి ఉన్నది. ఇంకొకటి మూసుకుపోయిందని పక్కన పడేసినది.

మూసుకుపోయిన దానికి అడుగు మాత్రం తడిసింది.

తెరిచి ఉన్నదాంట్లో ఎరుపు మెల్లగా పైకెక్కింది. నడుము దాటింది. కొస దాకా పోయింది.

ఈదమ్మ సాసర్ దగ్గరికి జరిగింది. "నెత్తురు గూడ గిట్లనే పోతదా సారూ?"

"అవ్. నెత్తురు పోయిన తొవ్వల ఎముక పెరుగుతది."

ఎర్రబడని ముక్కను ఆమె చేతిలోకి తీసుకుంది.

"నేను పిల్ల తొవ్వ బంద్ జేసిన."

"మల్ల తెరువు," అంటూ ఆమె ముందు కొత్త స్పాంజి ముక్కలు పెట్టాడు సిద్దయ్య.

ముంచింది. పిండింది. కిటికీ వెలుతురుకు పట్టి, కన్ను చిట్లించి చూసింది. నచ్చక మళ్లీ నొక్కింది. చూపుడువేలి కొస ముక్కంతా తిరిగింది, ఇరవై ఏళ్లు గోడల మీద తిరిగినట్టే. ఏ మూల రంధ్రం పూడినా ఆ వేలు అక్కడే ఆగింది.

సిద్దయ్య ముప్పై ఏళ్లు కాలేజీ ల్యాబులో పనిచేసినవాడు. అలాంటి వేలిని చూడలేదు.

శుక్ర, శనివారాలు ఫర్నేస్ నెమ్మదిగా వేడెక్కింది. ఆదివారం చల్లారింది. సోమవారం దయాకర్ ఆరు ముక్కల్నీ మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటే తిప్పి చూశాడు. ఎప్పుడూ సగం పక్కన పెట్టేవాడు.

ఈసారి పక్కన పెట్టినవి లేవు.

"అక్కా, రేపు ఎనిమిదింటికే రా," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "మస్తు పనుంది."

సిద్దయ్య నవ్వాడు. "ఇగ లప్పం మర్చిపోయినట్టేనా ఈదమ్మా?"

"ఎట్ల మరుస్త సారూ? మీ ఇంటికి సున్నం ఏపిస్తనంటిరి గద. ఆయితారం నేనొచ్చి తూట్లన్నీ పూడుస్త. పైసలంటే మాత్రం ఊకోను."

అన్నట్టే ఆదివారం ఆమె వచ్చింది. హాలు అయింది, పడకగది అయింది. వంటింటి గుమ్మం పక్కకొచ్చేసరికి ఆమె వేలు గోడ మీద ఆగింది.

భుజమెత్తులో చిన్న రంధ్రం. దాని చుట్టూ సున్నం చెయ్యి తగిలి తగిలి నున్నబడి ఉంది.

"ఇక్కడేముండె సారూ?"

"మేకు. ఊడిపోయింది." సిద్దయ్య దాని అంచు తడిమాడు. "మా యమున బడిల పాఠాలు జెప్పి రాంగనే గడియారం ఇప్పి దానికే తగిలిచ్చేది."

భార్య పోయి రెండేళ్లయింది. అప్పటి నుంచీ ఆ పేరు ఆ ఇంట్లో పైకి వినబడలేదు.

ఈదమ్మ లప్పం కలుపుకుంది.

సాయంత్రం ఆమె వెళ్లాక సిద్దయ్య గదులన్నీ తిరిగి చూశాడు. గోడలు పాలపొంగులా ఉన్నాయి. ఎక్కడా ఒక గీత లేదు, ఒక గుంట లేదు.

వంటింటి గుమ్మం పక్కన మాత్రం, లప్పం లోపలికి జారకుండా చుట్టూ గుండ్రంగా తుడిచి, ఆ ఒక్క రంధ్రం తెరిచి ఉంది.