గిజిగాడి సగం ఫోను

అడవిలో ఫోన్లన్నీ ఏనుగు తయారుచేసిన సిస్టమ్ మీదే నడిచేవి. గిజిగాడు తానే కొత్త సిస్టమ్ ఒకటి మొదలుపెట్టి, దానితో నడిచే ఫోన్లు తొలకరికల్లా తెస్తానని చాటాడు. ఈలోగా చూసుకోండంటూ ఒక ఫోను తుమ్మకొమ్మకు వేలాడదీశాడు.

ఏనుగు వచ్చి తొండంతో తిప్పి చూసింది. "ఒరేయ్, ఇది సగమే అయిందిరా!"

"సగమే మామా. మేం గూడు కూడా సగం అల్లి ఆపుతాం. కాపురానికొచ్చే ఆడపిట్ట ముక్కుతో పీకి చూస్తుంది. దానికి నచ్చాకే మిగతా సగం."

"అయితే నీ ఫోన్ని పీకి పాకం పెడతారు, చూసుకో," అని ఏనుగు నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నిజంగానే పీకారు. రింగుకు చెవులు చిల్లులు పడుతున్నాయని కుందేలు గోల పెట్టింది. బొరియలో సిగ్నల్ అందడం లేదని పందికొక్కు విసుక్కుంది. "తల లోపలికి ముడుచుకున్నాక నాకు తెర కనపడదయ్యా. ఎవరు ఫోన్ చేశారో పైకి చెప్పే గొంతు పెట్టు," అంది తాబేలు. గిజిగాడు ఎవరితోనూ వాదించలేదు. ఏది పీకితే అది ఆ పూటే విప్పి మళ్లీ అల్లాడు.

తొలి వాన పడింది. ఫోన్లు వచ్చాయి. తుమ్మచెట్టు కింద బారులు తీరిన జంతువుల్లో తాబేలు కూడా కనిపించేసరికి ఏనుగుకు మనసు చివుక్కుమంది.

"ఇన్నేళ్లు నా ఫోనే వాడావు. లోపముంటే నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"ఏటా వచ్చి చెప్పాను ఏనుగయ్యా. నాది ఎప్పుడో పూర్తయిపోయింది పొమ్మన్నావు," అంటూ తాబేలు వరసలో ఒక అడుగు ముందుకు జరిగింది.