ఒక్కసారి చూపించుకోవే

రొమ్ములో ఉన్నది కేన్సర్ గడ్డేనని డాక్టరమ్మ చెప్పిన వారానికి పెద్దమ్మ కళ్ళజోళ్ళ షాపుకి వచ్చింది. తన కళ్ళజోడు తీసి కౌంటర్ మీద పెట్టి, "స్క్రూ ఊడొచ్చిందే, కాస్త బిగించు" అంది.

ఊడొచ్చిందీ లేదు, పాడూ లేదు. దారిలో తనే వదులు చేసుకుని తెచ్చింది. కౌంటర్ వెనకున్న అమ్మాయికి ఆ మాత్రం తెలియకపోతుందా? పొద్దస్తమానం ఆమె చేసే పని అదే. పెద్దమ్మకి ఆమె చెల్లెలి ఇంటి పిల్ల. నోటి దురుసు చూసి ఇంట్లో అందరూ మిరపకాయ్ అంటారు.

"అసలు సంగతేంటో చెప్పు పెద్దమ్మా."

"నువ్వు కూడా ఒక్కసారి చూపించుకోవే."

"జబ్బు నీకు. ఆపరేషన్ నీకు. మధ్యలో నేనేం చేశాను?"

"ఇంట్లో ఆడవాళ్ళంతా చూపించుకుంటే మంచిదని డాక్టరమ్మ చెప్పింది."

"అమ్మ చూపించుకుందిగా. నిక్షేపంలా ఉందన్నారుగా. అమ్మకే లేనిది నాకెక్కణ్ణించి ఊడిపడుతుంది?"

పెద్దమ్మ కళ్ళజోడు తీసుకుని పెట్టుకోబోయింది. వదులు కాడ జారిపోయింది. చివరికి మిరపకాయే అందుకుని బిగించి పెట్టింది.

పెద్దమ్మకి తన గురించి భయం లేదనుకునేరు. నిలువెల్లా ఉంది. ఆపరేషన్ మాటెత్తితే చాలు, కంచం ముందునుంచి లేచిపోతోంది. అయినా సరే, కొడుకులిద్దరూ కూర్చుని మత్తుమందు గురించీ, ఆస్పత్రిలో ఎవరు పడుకోవాలన్నదాని గురించీ మాట్లాడుకుంటుంటే, ఆవిడ మధ్యలో లేచి మేడ మీద చెల్లెలి వాటాలోకి వెళ్ళిపోయేది. "పిల్ల ఏమందే?" అని అడిగేది.

కొడుకులకి ఒళ్ళు మండింది.

"ముందు నీ సంగతి చూసుకోవే అమ్మా. మేడమీద వాళ్ళ సంగతి తర్వాత" అన్నాడు చిన్నవాడు.

ఆవిడ వింటేగా.

ఒకరోజు మిరపకాయ్ వాళ్ళమ్మకి కూడా ఓపిక నశించింది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ, "అక్కా, ఇంక దాన్ని వదిలెయ్. నువ్విలా వెంటపడుతుంటే నాకు భయమేస్తోంది" అంది.

"నాకు మాత్రం లేదా?"

"దానికేమన్నా అయితే నేను బతకను."

"అందుకేగా చెప్పేది" అంది పెద్దమ్మ.

చెల్లెలు కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. కుళాయి అలా పోతూనే ఉంది.

మిరపకాయ్ గుమ్మం బయటే ఉంది. అంతా వింది. పైకి ఎన్ని వేళాకోళాలాడినా ఆమెకీ భయమే. కొన్నాళ్ళుగా స్నానం చేస్తుంటే ఎడమవైపు ఒకచోట చెయ్యి ఆగిపోతోంది. అక్కడేదో ఉన్నట్టూ అనిపిస్తోంది, లేనట్టూ అనిపిస్తోంది. ఉందని తేలితే ఏం చెయ్యాలి? ఎవరికి చెప్పాలి? తేలకపోతే లేనట్టే కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. సబ్బు రుద్దుకోవడం కూడా ఆవైపు మానేసింది.

చివరికి పెద్దమ్మ అందర్నీ ఇరకాటంలో పెట్టింది. మిరపకాయ్ చూపించుకుంటే తప్ప తను ఆపరేషన్ బల్ల ఎక్కనంది. కొడుకులు కోప్పడ్డారు, బతిమాలారు. ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఇక చేసేది లేక వాళ్ళిద్దరూ మేడెక్కి మిరపకాయ్ ముందు నిలబడ్డారు.

"సరే, వస్తాను. మీ అమ్మ మొండితనం మీకు రాలేదు, అదే పదివేలు" అంది మిరపకాయ్.

ముగ్గురు ఆడవాళ్ళూ కలిసి వెళ్ళారు. పరీక్షల గది బయట వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. మిరపకాయ్‌కి అటొకరూ ఇటొకరూ కూర్చున్నారు. లోపల మెషీన్ శబ్దం ఆగినప్పుడల్లా ఎవరో ఒకావిడ తలుపు తీసుకుని వస్తోంది. వచ్చినావిడ మొహం చూడాలంటే భయం, చూడకుండా ఉండలేరు. అమ్మ పెదవులు కదుపుతూ ఏదో గొణుక్కుంటోంది. పెద్దమ్మ మాత్రం తలుపు మీంచి కళ్ళు తిప్పలేదు.

నర్సు పిలిచింది. ముగ్గురూ లేచారు.

"గడ్డలాంటిదేమన్నా చేతికి తగిలిందా?"

"లేదు" అంది మిరపకాయ్, నర్సు మాట పూర్తికాకుండానే.

"మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"మా పెద్దమ్మకి."

"అమ్మకో?"

"అమ్మకి లేదు. మొన్ననే చూశారు."

నర్సు తేలిగ్గా నవ్వింది. "పెద్దమ్మకేగా. మీ వయసుకి ఇప్పుడే అవసరం లేదు. తల్లికి ఉండుంటే ఇవాళే అన్ని పరీక్షలూ చేసి పంపేవాళ్ళం. మీరు వెళ్ళిపోవచ్చు."

మిరపకాయ్‌కి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"విన్నావా పెద్దమ్మా? నీ పోరు పడలేక పని మానుకుని మరీ వచ్చాను" అంటూ బ్యాగు భుజాన తగిలించుకుంది.

పెద్దమ్మ కదల్లేదు. ఏదో చెప్పబోయి నోరు తెరిచింది. చెల్లెలి వైపు చూసింది. మళ్ళీ నోరు మూసేసుకుంది. చెంపల మీద కన్నీళ్ళు కారిపోతున్నా తుడుచుకోలేదు.

నర్సు తర్వాతి వాళ్ళని పిలవడానికి తలుపు దగ్గరికి నడిచింది.

అమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. వెళ్ళి ఆ తలుపుకి అడ్డంగా నిలబడింది.

"ఉందమ్మా, దీన్ని కన్నతల్లికే ఉంది" అంటూ, పెద్దమ్మని చెయ్యి పట్టుకుని నర్సు ముందుకి లాగింది.