రెండో మిషన్

"మిషన్ తిప్పుకునేవాడికి హాలు ఓనరు కూతురు కావాల్సొచ్చిందా?"

ప్రొజెక్టర్ గదిలో ఆపరేటర్ కాలర్ పట్టుకుని ఊపేస్తున్నాడు ఓనరు.

"ఇద్దరం ఇష్టపడ్డాం సార్."

"నోర్ముయ్! ఎవరి అంతస్తు ఏంటో చూసుకోవద్దట్రా? రేపు కొత్త ఆపరేటర్ దిగుతున్నాడు. ఈ మ్యాట్నీ ఆడించి నీ సంచి సర్దుకో. పిల్లని గదిలో పెట్టి తాళం వేశా. దానికి మా ఆవిడ కాపలా, నీకు నేను."

"నేనెక్కడికి పోతాను సార్? రీళ్లు మార్చాలిగా."

"అదేరా నా ధైర్యం!"

నిజమే. ఆ గదిలో ఉన్నవి రెండు మిషన్లు. ఒకదాని మీద రీలు అయిపోవస్తుంటే తెర మూలన చుక్క పడుతుంది. అది చూసి రెండో మిషన్ అందుకోవాలి. మనిషి లేడా, తెర తెల్లగా అయిపోతుంది, జనం కుర్చీలు విరగ్గొడతారు. అంటే బొమ్మ ఆడుతున్నంతసేపూ వాడు పైనే ఉన్నట్టు.

ఓనరు కిందికి దిగి, వెనక వరసలో దర్జాగా కూర్చున్నాడు.

సినిమాలు మాటలు నేర్చిన కొత్తల్లో తీసిన ప్రేమ కామెడీ అది. కోటీశ్వరుడి కూతురు కారు డ్రైవర్ని ప్రేమిస్తుంది. ఇద్దరూ లేచిపోయారని తెలిసి, "పట్టుకోండి!" అంటూ తండ్రి కారెక్కుతాడు. ఆ కారు నడిపేది, దొంగ మీసం పెట్టుకున్న ఆ డ్రైవరే.

ఓనరుకి నవ్వాగలేదు. "ఎంత వెర్రిబాగులోడివయ్యా! ఎదురుగా ఉన్నవాణ్ణి చూడవేం?" అని తెరకేసి అరిచాడు. డబ్బున్నవాళ్లకి తెర మీద పేదోడి ప్రేమ ఎప్పుడూ ముద్దే. గడప తొక్కితేనే కంపు.

చుక్క పడినప్పుడల్లా మాత్రం నవ్వాపి, చెవులు రిక్కించేవాడు. బొమ్మ ఎక్కడా తొట్రుపడలేదు. "వెధవకి పని మాత్రం వచ్చు," అని గొణుక్కున్నాడు.

చివర్లో తండ్రి కూతురి చెయ్యి డ్రైవర్ చేతిలో పెట్టాడు. హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా ఓనరే కొట్టాడు. లైట్లు వెలిగాయి. ఇక వీణ్ణి మెడపట్టి గెంటడమే అనుకుంటూ మెట్లెక్కి, తలుపు తోశాడు.

మిషన్ దగ్గర అతని భార్య నిలబడి ఉంది. చేతులకి నూనె, నుదుటి మీద చెమట.

"నువ్వా! వాడేడీ? పిల్లేదీ?"

"మొదటి రీలు తిరుగుతుండగానే ఇద్దరూ బస్సెక్కేశారండీ. తాళం నేనే తీశాను."

ఓనరు పక్కనున్న రీళ్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"ఓనరు పెళ్లానివి... ఈ మిషన్ పని నీకెందుకే?"

"ఓనరు కూతురిగా ఉన్నప్పుడే వచ్చండీ," అందామె, ఆఖరి రీలు డబ్బాలో పెట్టి మూత నొక్కుతూ. "మా నాన్న కింద కూర్చుని మీలాగే పడీపడీ నవ్వుతుంటే, ఈ గదిలో నా చెయ్యి పట్టుకుని నేర్పిన ఆపరేటర్ మీరే కదా!"