నిమిషానికో చుక్క

“లైటు కాస్త కిందికి పట్టండి” అన్నాడు ఫిట్టరు, మోటారుసైకిలు పక్కన పీట మీద కూర్చుని.

నెల కిందట పైవాటాలో దిగిన టైలరు టార్చి కిందికి దించాడు. మెట్ల కింద నిలబెట్టిన ఆ బండి ఫిట్టరుది కాదు, కోడలిది. ఆదివారం మధ్యాహ్నం. లోపల గదిలో కోడలు అత్తగారిని గోడ పట్టుకోకుండా నడిపిస్తోంది. ఆ వ్యాయామం గంటసేపు సాగుతుంది. ఈలోపే పని ముగించాలని ఫిట్టరు ఆత్రం.

పని పెద్దదేం కాదు. అరచేతిలో పట్టే నూనె డబ్బా ఒకటి సీటు కింద బిగించాలి. దాన్నుంచి సన్నని గొట్టాన్ని వెనక చక్రం దాకా తీసుకెళ్లి, చైను తిరిగే పళ్లచక్రానికి ఆనించాలి. ఇంజను నడుస్తున్నంతసేపూ నిమిషానికో చుక్క పడుతుంది. ఇంజను ఆగితే చుక్కా ఆగుతుంది. చైనుకి ఎవరూ చేత్తో నూనె వేయక్కర్లేదు.

పంపుల ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్లు పనిచేసినవాడికి ఇది చిటికెలో పని. కానీ ఏడాదిగా ఆయన చేతులు వణుకుతున్నాయి. గొట్టం కొస డబ్బా మూతికి ఎక్కించబోతే మూడుసార్లు తప్పింది. టైలరు టార్చి ఆయన చేతికిచ్చి, సూదిలో దారం ఎక్కించినంత సులువుగా ఎక్కించేశాడు.

తన కుట్టు మిషనుకి వారానికోసారి తానే నూనె వేసుకుంటాననీ, చైనుకీ అలా వేస్తే పోయేదానికి ఇంత తతంగం దేనికనీ టైలరు అడిగాడు.

ఫిట్టరు స్క్రూ బిగించాక, తల ఎత్తకుండానే చెప్పుకొచ్చాడు.

రెండేళ్ల కిందట ఆయన భార్యకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఇక మంచమే గతి అన్నట్టు మాట్లాడారు చూసినవాళ్లంతా. కబురు తెలిసిన మర్నాడే కోడలు వచ్చి వాలింది. కాళ్లూ చేతులూ పడిపోయినవాళ్లని మళ్లీ నడిపించడమే ఆమె ఉద్యోగం. “లేపుదాం మామయ్యా” అంది, అంతే. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం డెబ్బై కిలోమీటర్లు బండి మీద రావడం, సాయంత్రం మళ్లీ డెబ్బై కిలోమీటర్లు వెళ్లడం. వానని చూసి ఆగింది లేదు, ఎండని చూసి మానింది లేదు. ఐదో నెలలో అత్తగారు లేచి కూర్చుంది. తొమ్మిదో నెలలో నిలబడింది. ఇప్పుడు తన టీ తానే కలుపుకుంటోంది, అందులో పంచదార తక్కువైందని మొగుణ్ని సాధిస్తోంది కూడా.

ఇంత చేసిన మనిషికి ఏం చెయ్యాలో ఫిట్టరుకి తోచలేదు. ఏమిచ్చినా తీసుకోదు. ఆయనకి చేతనైంది ఒక్కటే. ఆమె లోపల ఉన్న గంటలో బండి చైను శుభ్రంగా తుడిచి నూనె వేసి పెట్టేవాడు.

“మూడు వారాల కిందట చెయ్యి వణికి నూనె టైరు మీద పడింది. నేను చూసుకోలేదు” అన్నాడు.

ఆ తర్వాతి ఆదివారం కోడలు బస్సులో వచ్చింది. బండి సర్వీసుకి ఇచ్చానంది. కుంటుతున్నావేమని అడిగితే మెట్ల మీద కాలు మడతపడిందంది. ఆయనకి మనసు ఊరుకోక మర్నాడు ఫోన్ చేస్తే ఆమె భర్త తీశాడు. కాసేపు నసిగి, నిజం చెప్పాడు. మలుపులో బండి జారిందనీ, మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయనీ, మామయ్యకి చెబితే ఊరుకోనని తనని బెదిరించిందనీ. ఫిట్టరు ఇక ఆ బండి ముట్టుకోనన్నాడు. అలా వద్దు, ఇంకో దారి చూద్దామని అతనే వెతికి ఈ డబ్బా, గొట్టం పంపించాడు.

అంతా బిగించాక బండిని స్టాండు మీద నిలబెట్టి, టైరు కింద తెల్లకాగితం పరిచి, ఇంజను ఆన్ చేశారు. టైలరు గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టాడు. కాగితం మీద మరక పడలేదు. ఆ చప్పుడుకి కోడలు బయటికొచ్చింది. వెనకే, ఎవరినీ పట్టుకోకుండా, అత్తగారు.

ఫిట్టరు ఇంజను ఆపి లేచాడు. “ఆ రోజు నిన్ను పడేసింది నేనేనమ్మా” అన్నాడు.

కోడలు బండి వైపు చూసింది. “తెలుసు మామయ్యా. టైరు మీద నూనె చూశాను.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే మీరు మళ్లీ బండి దగ్గరికి వస్తారా? మీరు తుడిచిన చైనుతో వెళ్తుంటే, ఎవరో వెనకాలే తోడు వస్తున్నట్టుంటుంది నాకు.”

డబ్బాలో నూనె నింపే పని మాత్రం మామయ్యదేనని ఆమె అక్కడికక్కడే తేల్చేసింది. ఈయన చేతికి నూనె ఇస్తే వాకిలంతా జారుడుబల్లేనని అత్తగారు గొణిగింది. అయితే గరాటు తెస్తానని కోడలు నవ్వింది.

పాప ఎదురుచూస్తుంటుందని నాలుగింటికే బయల్దేరింది. బండి మలుపు తిరిగేదాకా ముగ్గురూ గేటు దగ్గరే నిలబడ్డారు. చైను చప్పుడే లేదు.

“మీ అబ్బాయి అదృష్టవంతుడండీ. ఇలాంటి భార్య ఎంతమందికి దొరుకుతుంది?” అన్నాడు టైలరు.

ఫిట్టరు పాతగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆయన భార్యే మెల్లగా చెప్పింది.

“మా వాడికీ ఆ అమ్మాయికీ విడాకులై ఆరేళ్లయిందండీ.”