ఇరవై మూడు పుస్తకాలు

"నక్క కథ చివర ఏమైంది?" జపాన్‌లోని ఓ బడిలో తరగతి గది తలుపు మూసి అడిగింది మినెగిషి టీచర్.

"తెలీదు, సెన్సే," అంది నాలుగో తరగతి కోతోహా.

"పడవ కథ?"

"అదీ తెలీదు."

టీచర్ చేతిలో ఆ పిల్ల చదివిన పుస్తకాలు రాసుకునే కార్డు ఉంది. ఇరవై మూడు రోజుల్లో ఇరవై మూడు పుస్తకాలు. రేపు అందరి ముందూ ప్రశంసాపత్రం అందుకోవలసింది ఈ పిల్లే. దొంగ దొరికిందనుకుంది టీచర్.

"అంటే ఒక్కటీ చదవలేదన్నమాట. నీ పేరు కొట్టేస్తా."

"చదివాను! మొదలు అడగండి, అన్నీ చెప్తా."

"మరి చివర మీ పిల్లి చదివిందా?"

"పొద్దున్న బడిలో చదువుకునే పది నిమిషాలు కాగానే పుస్తకం అరలో పెట్టెయ్యమంటారు కదా, సెన్సే. మర్నాటికి దాన్ని ఇంకెవరో తీసేసుకుంటారు. నేను కొత్తది మొదలెడతా."

టీచర్ మళ్ళీ కార్డు చూసింది. ప్రతి గడిలోనూ 'భేష్' అంటూ తను కొట్టిన ఎర్ర ముద్రే. ఆ పది నిమిషాల నియమమూ తను పెట్టిందే.

ఆమె లేచి, అరలోంచి నక్క కథ తీసి కోతోహా చేతిలో పెట్టింది.

"ఇంటికి తీసుకెళ్ళు. పూర్తయ్యాకే ఇవ్వు."

కోతోహా ఒకసారి పుస్తకాన్ని, ఒకసారి టీచర్ని అనుమానంగా చూసింది.

"నిజం చెప్పండి, సెన్సే. ఎన్ని నిమిషాలు?"