ముగింపు లేని నవల

"నాకూ మా ఆవిడకీ ఒకటే అభిప్రాయం తల్లీ! డిటెక్టివ్ నవల పరవాలేదు, వంటల పుస్తకం దండగ, యాత్రల పుస్తకం అన్నీ కోతలే," అంటూ మాస్టారు నేను నడిపే లైబ్రరీ అభిప్రాయాల రిజిస్టరులో ఇద్దరి గడులూ నింపేశారు. ఆవిడ గడి ఎప్పుడూ ఆయనే నింపుతారు.

నాకు ఒళ్ళు మండింది. "ఈసారైనా పిన్నిగారిని రాయనివ్వండి మాస్టారూ!"

"తనేం రాస్తుంది? కథంతా భోజనాల దగ్గర నేనే చెప్పేస్తాగా, ముగింపుతో సహా!"

మాస్టారి పక్కనే నిలబడ్డ పిన్నిగారు, పారేయడానికి విడిగా పెట్టిన చిరిగిన పుస్తకాల కట్టలోంచి ఒక నవల తీశారు.

"అదొద్దు పిన్నిగారూ, చివరి ఇరవై పేజీలు లేవు."

"అందుకే కావాలమ్మా. దీని ముగింపు ఈయనకి తెలీదు."

మాస్టారు పకపకా నవ్వారు. "దానికేముందే, ఊహించి చెప్తాలే!"

పిన్నిగారు ఆ నవలని మళ్ళీ కట్టలో పెట్టేసి, నా పెన్ను అడిగి తీసుకున్నారు. తన గడిలో మాస్టారు రాసినదంతా కొట్టేసి, కింద రాశారు:

"ఇవేవీ నేను చదవలేదు. ముప్పై ఏళ్ళుగా వింటున్నాను."