ఉతకని చీర

ఆ కాలానికి మంగళగిరిలో చెక్క బల్ల ఉన్న ఇల్లు లేదు. పాత చీరలు పొరలు పొరలుగా పరిచి, పైన రాయిలా గట్టిపడే రెజిన్ జిగురు పోయించి భోజనాల బల్లలు చేయించుకునేవారు. బండరాయి పడినా విరగవు. అయినా పైన ప్లాస్టిక్ కవరు మాత్రం ఎవరూ తీసేవారు కాదు.

పానకాలరావు కూడా, పోయిన భార్య శేషారత్నం చీరలు ఆరు పట్టుకుని, బల్లలు చేసే మస్తాన్ షెడ్డుకు వెళ్లాడు.

"అన్నీ ఉతికించావా బాబాయ్? జిడ్డుంటే రెజిన్ పోగును పట్టుకోదు. పొర లేచిపోద్ది."

"నాకు చెప్తావేంట్రా? ఫ్యాను రెక్కలు కూడా సబ్బుతో కడిగే ఇల్లు మాది."

నిజానికి ఐదే ఉతికాడు. ఆరోది ఆవిడ వంటింట్లో చేతులు తుడుచుకున్న నీలం నేతచీర. ఉతికితే ఇంగువ వాసన పోతుందని అలాగే మడతల మధ్య దూర్చాడు.

బల్ల అద్దంలా వచ్చింది. ముక్కు ఆనించి చూశాడు. ఏ వాసనా లేదు, రెజిన్ అంతా మూసేసింది. మూడు నెలలు రోజూ కవరెత్తి వాసన చూసి, మళ్లీ కప్పాడు.

నాలుగో నెలలో ఒక మూల పొర లేచింది.

"గ్యారంటీ ఉందిగా నాన్నా, మస్తాన్‌ని పిలువు" అంది కూతురు నీరజ.

"వాడొస్తే అతికించేస్తాడే" అన్నాడు పానకాలరావు.

లేచిన పొర కింద వేలు పెట్టి, ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంగువ.

టీవీ రిమోటుకు కూడా ఏనాడూ కవరు తీయని మనిషి, కత్తెర తెచ్చి ఆ మూల మేరకు కవరు కత్తిరించేశాడు. తర్వాత కంచం తీసుకుని, కుర్చీ అటు జరుపుకున్నాడు.